రాయలసీమ రాతినేలను ఫోటో తీయడం ఎలా: తిథి, దిక్కు, అరగంట వెలుతురు

పెన్న లోయ అంచున ఉన్న గండికోటకు వెళ్లి వచ్చినవారి ఫోన్లు చూస్తే చాలా ఫోటోలు ఒకే తీరుగా ఉంటాయి. పైన తెల్లబోయిన ఆకాశం, కింద వివరం లేని నల్లటి గొయ్యి, ముందు ఎండకు కళ్లు చికిలించుకున్న చుట్టాలు. దీనికి ఫోనును తప్పుపట్టలేము. జమ్మలమడుగులో టిఫిన్ చేసి, తీరిగ్గా పదకొండు గంటలకు కోట చేరుకోవడమే అసలు కారణం. ఆ వేళకు ఎంత ఖరీదైన కెమెరా తీసుకుపోయినా వచ్చే బొమ్మ దాదాపు అదే.

కొత్తగా ఫోటోలు తీస్తున్నవారికి, చేతిలో ఫోను ఉన్నా మామూలు డీఎస్ఎల్ఆర్ ఉన్నా, పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కొండలూ కోటలూ లోయలూ ఎలా తీయాలో వరుసగా చెప్పడానికి ఈ వ్యాసం. (2022లో జిల్లాలు విడిపోయిన తర్వాత ఇక్కడ చెప్పే కొన్ని చోట్లు నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాల్లోకి వెళ్లాయి; చదివేవారికి పాత పేర్లే సులువు.) ఇందులో నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే. మన ప్రాంతంలో ప్రకృతి దృశ్యాలకు పనికివచ్చే ఏటవాలు వెలుతురు పూటకు సుమారు అరగంటే ఉంటుంది కనుక, అది ఏ రోజున, ఏ దిక్కు నుంచి వస్తుందో ముందు తేల్చుకొని ఆ తర్వాతే ఊరు ఎంచుకోవాలి.

1. ముందు కాలం, తర్వాత ఊరు

మన ప్రాంతం స్థూలంగా ఉత్తర అక్షాంశం 14, 16 డిగ్రీల మధ్య ఉంది. అందువల్ల ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ చివర లేదా మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో మరోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన గుంజకు నీడ కనిపించదు, నీడ లేని బండకు లోతూ కనిపించదు. డిసెంబరులో అదే సూర్యుడు మధ్యాహ్నం కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించి పోడు కనుక రోజంతా ఎంతో కొంత నీడ దొరుకుతుంది. ఉద్యోగం వల్ల వేళ కాని వేళల్లో మాత్రమే తిరగగలిగేవారు డిసెంబరు, జనవరి నెలలు ఎంచుకోవడం మంచిది.

వేళ కుదుర్చుకోగలిగినవారికి నా సలహా అక్టోబరు, నవంబరు. ఈశాన్య రుతుపవనాల వాన ఒకటి పడి వెలిస్తే గాలిలోని దుమ్ము కిందికి దిగిపోతుంది. మర్నాటి ఉదయం ఎదురుగా ఉన్న గుట్టే కాదు, దాని వెనకాల మూడో వరుస కొండ కూడా గీత గీసినట్టు కనిపిస్తుంది. ఫిబ్రవరి దాటాక పగటిపూట దుమ్ముతో కూడిన తెల్లటి మసక కమ్ముకుంటుంది. దూరపు దృశ్యాలకు అది పనికిరాదు గాని, ఒకదాని వెనుక ఒకటిగా పలచబడిపోతున్న కొండల వరుసలు తీయాలనుకునేవారికి గుత్తి కోట పైనుంచి అదే కలిసివస్తుంది. మే నెల సాయంత్రాల్లో క్యుములోనింబస్ (ఉరుముల) మబ్బులు లేస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం వైపు వాన తక్కువ, గాలి ఎక్కువ. మబ్బులు వేగంగా కదులుతూ నేల మీద వెలుగునీడల మచ్చలు పరుగెత్తుతాయి. రామగిరి గాలిమరలను తీయాలంటే ఆ రోజులే సరైనవి.

పంటను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అనంతపురం ఎర్రనేలల్లో ఖరీఫ్ వేరుశెనగ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పచ్చగా పరుచుకొని ఉంటుంది. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలల్లో శనగ నవంబరు తర్వాత పచ్చబడుతుంది. అదే చేను ఏప్రిల్‌లో బీటలు వారిన నల్లటి నేలగా మారుతుంది. అదీ మంచి బొమ్మే, కాని పచ్చదనం కోసం వెళ్లి దాన్ని చూస్తే నిరాశ తప్పదు.

సంగమేశ్వరం సంగతి పూర్తిగా వేరు. ఏడు నదుల సంగమంగా పేరున్న చోట ఉన్న ఆ గుడి శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నీట మునిగి, నీరు తగ్గాక ఎండకాలంలో బయటపడుతుంది. సగం మునిగి, గోపురం మాత్రమే నీటిపైన ఉండే రోజులు ఫోటోకు అన్నిటికన్నా విలువైనవి. అవి జలాశయం నిండేటప్పుడో, నీరు తగ్గేటప్పుడో వచ్చిపోతాయి కనుక శ్రీశైలం నీటిమట్టం వార్తలను పత్రికలో గమనిస్తూ ఉండాలి.

2. సూర్యుడు ఎటు నుంచి వస్తాడో ఇంట్లోనే తేల్చుకోవడం

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది బడిలో చెప్పే మాట. ఫోటో తీసేవారికి అది చాలదు. మన అక్షాంశంలో జూన్ నెలాఖరుకు సూర్యోదయం సరైన తూర్పుకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు నెలాఖరుకు అంతే మేర దక్షిణంగా జరుగుతుంది. అంటే ఏడాదిలో ఉదయించే చోటు దాదాపు 50 డిగ్రీల మేర అటూ ఇటూ తిరుగుతుంది. జనవరిలో లోయ సందులోంచి పైకి వచ్చిన సూర్యుణ్ని ఎవరి ఫోటోలోనో చూసి మీరు జూన్‌లో వెళితే, ఆ సూర్యుడు కొండ వెనకాల ఎక్కడో లేస్తాడు.

కనుక ఫోనులో సూర్యచంద్రుల దారి చూపే యాప్ ఒకటి వేసుకోండి. ఉచితంగా దొరికేవి చాలు. అందులో మీరు నిలబడబోయే చోటును మ్యాపులో గుర్తించి, తేదీ మార్చి చూస్తే, ఉదయ రేఖ, అస్తమయ రేఖ ఏ కొండను తాకుతున్నాయో తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రంలో లోయ ఏ దిక్కుగా సాగుతోందో, ఏ గోడ ఎటు చూస్తోందో కూడా గమనించండి. మన దగ్గర ఉత్తరం వైపు చూసే నిలువు రాతిగోడకు డిసెంబరులో రోజంతా నేరుగా ఎండ తగలదు. మే మొదలుకొని ఆగస్టు మొదటి దాకా మాత్రం మధ్యాహ్నం కూడా సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు గనుక దానికి వెలుతురు దొరుకుతుంది. దక్షిణం చూసే గోడ దీనికి ఎదురు. గండికోట దగ్గర పెన్న మెలికలు తిరుగుతుంది కనుక నడకలో కొద్ది దూరానికే గోడల దిక్కు మారుతుంది. ఒకే సాయంత్రం ఒక మలుపు చీకట్లో ఉండగా పక్క మలుపు మండుతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఏ రాయి అన్నది కూడా ముఖ్యం. గండికోట గోడలు కడప బేసిన్‌కు చెందిన క్వార్ట్‌జైట్ రాయి. పలకలు పేర్చినట్టు అడ్డంగా పొరలు ఉంటాయి. పక్క నుంచి, వీలైతే కొంచెం పైనుంచి వచ్చే వెలుతురు పొరపొరకూ ఒక సన్నటి నీడ గీత గీస్తుంది. పెనుకొండ, లేపాక్షి వైపు ఉన్నవి గ్రానైటు గుండ్లు, గుండ్రంగా నున్నగా ఉంటాయి. వాటికి బాగా కిందుగా వచ్చే వెలుతురు కావాలి, వెనుక నుంచి వచ్చినా అంచు వెంబడి వెలుగు గీత పడి బాగుంటుంది. సూర్యుణ్ని మీ వీపు వెనక పెట్టుకొని తీస్తే మాత్రం రెండూ గోడకు అంటించిన కాగితాల్లా చదునుగా వస్తాయి.

3. సామాను

తక్కువ తీసుకోండి. కొత్త లెన్సు కొనాలని దాచుకున్న డబ్బు ఉంటే ముందు దానితో కాస్త బరువైన ట్రైపాడ్ కొనమని చెబుతాను. ఉదయం, సాయంత్రం, రాత్రి ఈ మూడు వేళలకూ అదే ఆధారం. కిట్‌తో వచ్చే 18–55 మి.మీ. లెన్సు ఈ పనికి చాలు. దూరపు కొండల వరుసలకు 55–250 వంటి లెన్సు ఉంటే మరీ మంచిది. దుమ్ము ఎక్కువ గనుక లెన్సు మార్చడం తగ్గించి, మార్చక తప్పనప్పుడు గాలికి వీపు పెట్టి కెమెరాను కిందికి వంచి మార్చాలి. పోలరైజర్ ఫిల్టర్ (మెరుపు తగ్గించే, లెన్సు ముందు తిప్పే అద్దం) ఒకటి, ఊదే రబ్బరు బుడ్డి ఒకటి, మెత్తటి గుడ్డ, తలకు కట్టుకునే టార్చిలైటు, తలకొక్కింటికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, పాదం పూర్తిగా కప్పే బూట్లు. బండల సందుల్లో తేళ్లు ఉంటాయి, చెప్పులతో తిరిగే చోటు కాదు.

ఫోనుతో తీసేవారు ఎండకాలంలో ఫోనును డ్యాష్‌బోర్డు మీద వదలకూడదు. వేడెక్కిన ఫోను తెర వెలుతురు తగ్గించుకుంటుంది, ఒక్కోసారి కెమెరానే ఆపేస్తుంది. తీయని వేళల్లో సంచిలో, నీడలో ఉంచండి.

4. మూడు గంటలకే చేరి, కెమెరా లేకుండా తిరగడం

సాయంత్రపు వెలుతురు కోసం వెళ్లేవారు అస్తమయానికి కనీసం రెండు, మూడు గంటల ముందు చేరుకోవాలి. ఉదయం కోసమైతే ముందు రోజు సాయంత్రమే చూసి ఉండాలి. చీకట్లో తెలియని లోయ అంచున చోటు వెతకడం తెలివైన పని కాదు.

చేరిన వెంటనే ఫోటోలు మొదలుపెట్టకండి. మొదటి గంట తిరిగి చూడడానికి. గండికోటలో అందరూ ఒకటే చోట, ఎవరో నిలబడి అరగదీసిన బండ మీదే నిలబడతారు. అక్కడి నుంచి అటూ ఇటూ పావుగంట నడిస్తే మనుషులు ఉండరు, లోయ వంపూ మారుతుంది. నడుస్తూ మూడు విషయాలు వెతకండి. ఒకటి, కాళ్ల దగ్గర ఏదైనా పట్టుగా ఉండే వస్తువు, అంటే పగిలిన బండ, బొమ్మజెముడు పొద, వాన నీరు నిలిచిన గుంట లాంటిది. కంటికి విశాలంగా తోచిన లోయ బొమ్మలో చిన్నబోకుండా నిలబెట్టేది ఇదే. రెండు, చూపు లోపలికి నడిచే దారి, అది నది మెలిక కావచ్చు, కోటగోడ కావచ్చు, జీవాలు నడిచి ఏర్పడిన బాట కావచ్చు. మూడు, కొలత తెలిపే వస్తువు. అటువైపు అంచున నిలబడ్డ ఒక్క మనిషి కనిపిస్తే చాలు, గోడ ఎంత ఎత్తో చూసేవారికి అర్థమవుతుంది.

చోటు దొరికాక అక్కడ ఫోనుతో ఒక నమూనా ఫోటో తీసి ఉంచుకోండి. ఇలా రెండు చోట్లు చాలు, మూడోది వద్దు. అరగంటలో మూడు చోట్లకు పరుగెత్తినవారికి ఒక్కటీ దక్కదు.

అంచు గురించి గట్టిగా చెప్పాలి. లోయ అంచున చాలా మేర కంచె లేదు. కెమెరాలో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా ముందుకో వెనక్కో వేయకూడదు. చోటు మార్చాలంటే కెమెరా కిందికి దించి, నేల చూసి నడవాలి. వాన పడ్డ తర్వాత పలకరాళ్లు జారతాయి, కొన్ని కాలు పెడితే ఊగుతాయి. పిల్లలను వెంట తీసుకువెళ్లినప్పుడు ఫోటో తీసేవారు ఒకరు, పిల్లలను చూసుకునేవారు మరొకరు ఉండాలి, ఇద్దరి పనీ ఒకరు చేయలేరు.

5. వెలుతురు రాకముందే కెమెరా సిద్ధం చేయడం

చేతిని ముందుకు చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. మన దగ్గర సూర్యుడు అంత మేర దిగడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కనుక పొద్దు కొండ అంచుకు ఒక పిడికిలి ఎత్తులోకి రాగానే మీరు ఎంచుకున్న చోట ట్రైపాడ్ దిగి ఉండాలి. ఉత్తరాది దేశాల ఫోటోగ్రఫీ పాఠాల్లో గోల్డెన్ అవర్ (పొద్దు కిందికి వాలిన బంగారు వెలుతురు వేళ) గంటకు పైగా సాగుతుంది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు. మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు గనుక చివరి 6 డిగ్రీలకు పట్టే సమయం పాతిక నిమిషాలు. ఆ సమయంలో మెనూలో వెతుక్కోకూడదు.

గాలి ఉన్నప్పుడు ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి ఎత్తకుండా, కాళ్లు వెడల్పుగా పరిచి, కొక్కేనికి సంచి వేలాడదీయండి. సంచి ఊగితే నేలను తాకేలా కిందికి దించండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపండి. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే మేర) 100, ఎపర్చర్ (లెన్సు రంధ్రం; అంకె పెరిగేకొద్దీ చిన్నది) ఎఫ్/11, రా ఫైలు (కెమెరా దిద్దని ముడి ఫైలు), రెండు సెకన్ల టైమర్. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును బట్టి చేసే సవరణ) ఆటోలో ఉంటే కెమెరా సాయంత్రపు ఎరుపును తప్పుగా భావించి దిద్దేస్తుంది, కాబట్టి డేలైట్‌లో పెట్టండి.

ఫోకస్ ఎక్కడ చేయాలన్నది కొత్తవారికి పెద్ద చిక్కు. కిట్ లెన్సు 18 మి.మీ. వద్ద, ఎఫ్/11లో, సుమారు ఒకటిన్నర మీటరు దూరంలో ఫోకస్ చేస్తే ముక్కాలు మీటరు పైచిలుకు నుంచి దూరపు కొండల దాకా అంతా తగినంత స్పష్టంగా వస్తుంది. ఆ దూరంలో ఉన్న రాయి మీద ఆటోఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చి వదిలేయండి. ఎఫ్/22కు పోతే ఇంకా స్పష్టత వస్తుందనుకోవడం పొరపాటు. చిన్న రంధ్రంలో వెలుతురు వంగి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది.

కెమెరా మీటరు ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిదరంగుగా చూపాలని చూస్తుంది. నల్లరేగడి చేనును నిండుగా తీస్తే అది వెలిసిపోయిన బూడిదనేలగా వస్తుంది కనుక ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (బొమ్మ వెలుగును పెంచే, తగ్గించే మీట) సున్నాకు కిందికి, సుమారు 2/3 నుంచి 1 స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు సగం లేదా రెట్టింపు) దాకా తగ్గించాలి. బేతంచెర్ల వైపు తెల్లటి నాపరాళ్ల గుట్టలకు అదే మేర పెంచాలి. లోయ సంగతి వస్తే ఆకాశం ప్రకాశవంతం, అడుగు చీకటి, రెండూ ఒకే ఫోటోలో ఇమడవు. ట్రైపాడ్ కదపకుండా ఒకటి సరిగ్గా, ఒకటి రెండు స్టాపులు తక్కువగా, ఒకటి రెండు స్టాపులు ఎక్కువగా తీసి తర్వాత కలపవచ్చు. ఒక్కటే తీసేవారు హిస్టోగ్రామ్ (బొమ్మలోని చీకటి వెలుగుల గ్రాఫు) కుడి గోడకు గుద్దుకోకుండా చూసుకోవాలి. రా ఫైలులో నీడను లేపవచ్చు గాని, పూర్తిగా తెల్లబోయిన మబ్బును ఎవరూ తిరిగి తేలేరు.

ఫోనులో ఇదంతా ఒక్క వేలితో అవుతుంది. వెలుగు ఎక్కువ ఉన్న చోట తెర మీద వేలు పెట్టి అదిమి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ నిలిచిపోతాయి, తర్వాత సూర్యుడి గుర్తును కిందికి జరిపి కాస్త చీకటి చేయండి. వేళ్లతో లాగి దగ్గరకు తెచ్చే డిజిటల్ జూమ్ వాడకండి. తీసే ముందు లెన్సు తుడవడం మరవకండి, జేబులోని ఫోను అద్దం మీద చెమట మరక ఉంటే సూర్యుడి చుట్టూ మసక వలయం వస్తుంది.

6. ఆ అరగంటలో

మొదట ఎదురుగా సూర్యుణ్ని పెట్టుకొని తీసే బొమ్మకే అందరూ తొందరపడతారు. నేనైతే సూర్యుడికి పక్కగా తిరిగి, వెలుతురు పడుతున్న రాతిని ముందు తీస్తాను, ఎందుకంటే ముందు ఆరిపోయేది ఆ వెలుతురే. లోయ అడుగున నీడ ముందే మొదలై గోడ మీద మెల్లగా పైకి పాకుతుంది. నీడ గోడకు సగం ఎత్తు చేరినప్పుడు పై సగం ఎర్రగా, కింది సగం నీలంగా ఉండే నాలుగైదు నిమిషాలు గండికోటలో అన్నిటికన్నా మంచివి.

పోలరైజర్ ఈ వేళ పనికొస్తుంది. బొటనవేలు, చూపుడువేలు లంబంగా పెట్టి చూపుడువేలును సూర్యుడి వైపు చూపి మణికట్టు తిప్పితే, బొటనవేలు చూపే దిక్కులన్నిటా దాని ప్రభావం ఎక్కువ. రాతి మీద, నీటి మీద మెరుపు తగ్గి రంగు నిండుగా వస్తుంది. బాగా వెడల్పైన లెన్సుతో మాత్రం ఆకాశం ఒక పక్క నల్లగా, ఒక పక్క పలచగా అతుకులు అతుకులుగా వస్తుంది కనుక తీసేయాలి.

సూర్యుణ్ని బొమ్మలో పెట్టాలనుకుంటే, అది కొండ అంచును తాకుతున్నప్పుడు ఎఫ్/16లో తీస్తే కిరణాలు నక్షత్రంలా వస్తాయి. కెమెరా కంటిగూట్లోంచి సూర్యుణ్ని నేరుగా చూడకండి, తెర మీదే చూడండి.

పొద్దు మునగగానే జనం బండ్లు ఎక్కేస్తారు. మీరు ఎక్కకండి. మబ్బులు ఉన్న రోజు అస్తమయం తర్వాత పది, పదిహేను నిమిషాలకు కిందినుంచి రంగు పడుతుంది. ఆ తర్వాత వచ్చే నీలం వెలుతురులో సెకన్లపాటు షట్టర్ తెరిచి ఉంచితే లోయలోని నీరు అద్దంలా నున్నబడుతుంది. మన దగ్గర సంధ్య కూడా పొట్టిదే, ఇరవై నిమిషాలు దాటితే చీకటి.

7. పంచాంగం, రాత్రి

గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఫోటో తీసేవారికి మంచి సాధనమని చాలామందికి తోచదు. పౌర్ణమినాడు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయ వేళకే లేస్తాడు, ఆ వెంటనే నేల చీకటి పడుతుంది. బొమ్మలో చంద్రుడు తెల్లటి చుక్కగా, కోట నల్లగా వస్తుంది. ముందు రోజు, చతుర్దశి సాయంత్రం, చంద్రుడు సుమారు 50 నిమిషాలు ముందే వస్తాడు. అప్పటికి కోటగోడ మీద ఎండ ఇంకా ఉంటుంది, చంద్రుడి వెలుగూ గోడ వెలుగూ దాదాపు సమానంగా ఉండి ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇమడతాయి. గుత్తి కోట, సిద్ధవటం కోట, కర్నూలు కొండారెడ్డి బురుజు వంటివాటి వెనుక పెద్ద చంద్రుణ్ని తీయాలనుకునేవారు చతుర్దశిని ఎంచుకొని, కట్టడానికి పడమరగా వీలైనంత దూరం వెళ్లి పొడవైన లెన్సుతో తీయాలి. దూరం వెళ్లేకొద్దీ కట్టడం చిన్నబడుతుంది, చంద్రుడు చిన్నబడడు, రహస్యం అంతే.

పాలపుంతకు అమావాస్య అటూ ఇటూ మూడు నాలుగు రోజులు కావాలి. దాని నడిబొడ్డు ధనుస్సు, వృశ్చిక రాశుల దిక్కున ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలలో తెల్లవారుజామున, ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక ఆగ్నేయం నుంచి లేచి దక్షిణంగా కదులుతుంది. జూన్ తర్వాత రాత్రి తొందరగానే కనిపించినా మబ్బులు అడ్డం వస్తాయి. 500ను లెన్సు మి.మీ.తో, క్రాప్ సెన్సర్ (మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే చిన్న సెన్సర్) అయితే మళ్లీ 1.5తో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరిచి ఉంచవచ్చో తెలుస్తుంది. 18 మి.మీ. వద్ద అది 18 సెకన్లు. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 3200 పెట్టి, ప్రకాశమైన చుక్కను తెర మీద పెద్దదిగా చేసి చేత్తో ఫోకస్ చేయాలి. ఫోను ఉన్నవారు దాన్ని ట్రైపాడ్‌కు బిగించి నైట్ మోడ్ పెడితే చేతిలో కన్నా ఎక్కువ సెకన్లు తీసుకుంటుంది.

8. మిట్టమధ్యాహ్నం ఏం చేయాలి

నిద్రపోవడం మంచి సలహానే. కాని దూరం నుంచి వచ్చినవారు ఆ వేళను లోపలి చోట్లకు వాడుకోవచ్చు.

కొలిమిగుండ్ల దగ్గర బేలుం గుహలు 3,229 మీటర్ల పొడవున కొలిచారు, సందర్శకులకు సుమారు కిలోమీటరున్నర తెరిచి ఉంది. లోపల ఉక్క ఎక్కువ. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి వెళితే చల్లబడ్డ లెన్సు మీద ఆవిరి కడుతుంది, తుడిచినా మళ్లీ కడుతుంది; కనుక కారులో కెమెరాను సంచిలో మూసి ఉంచి, దిగాక బయట నీడలో కాసేపు వెచ్చబడనిచ్చి తీసుకెళ్లండి. దీపాల రంగు పసుపు గనుక వైట్ బ్యాలెన్స్ 3,000 కెల్విన్ ప్రాంతంలో పెట్టి చూడండి. దీపాన్నే బొమ్మలో పెట్టకుండా, బండ చాటుకు జరిగి, దాని వెలుతురు పడిన రాతి వంపును మాత్రమే తీయండి.

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించారు. అయిదెకరాలకు అటూ ఇటూగా పరుచుకున్న చెట్టును ఒక్క ఫోటోలో ఇరికించాలని వెనక్కి వెనక్కి నడిచేవారికి చివరికి దక్కేది ఒక పచ్చటి గీత. లోపలికి వెళ్లి, ఊడలు స్తంభాల్లా దిగిన వరుసను ఎంచుకొని, మధ్యలో ఒక మనిషిని నిలబెట్టండి. కొమ్మల కింద మధ్యాహ్నపు ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది కనుక సన్నటి మబ్బు అడ్డం వచ్చేదాకా ఆగాలి.

లేపాక్షిలో మధ్యాహ్నం మండపం కప్పుల మీది చిత్రాలకు కేటాయించండి, ఫ్లాష్ వాడకండి. పెద్ద నందిని మాత్రం ఉదయమో సాయంత్రమో ఏటవాలు వెలుతురులో తీస్తేనే మెడలోని గంటల దండ చెక్కడం తేలుతుంది.

9. అనుమతులు, మనుషులు

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో చేతి కెమెరాకు ఇబ్బంది ఉండదు గాని ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. పూజలు జరిగే గుడుల్లో గర్భగుడి వైపు కెమెరా ఎత్తకూడదు. డ్రోను ఉన్నవారు 2021 డ్రోన్ నియమాల ప్రకారం డిజిటల్ స్కై మ్యాపు (డ్రోను ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూసుకోవాలి. ఓర్వకల్లు రాతివనాలు అందంగా ఉన్నాయి, నిజమే, కాని ఓర్వకల్లులోనే కర్నూలు విమానాశ్రయం ఉంది. విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా ఎల్లో జోన్ (నియంత్రిత గగనతలం) నిబంధనలు వర్తిస్తాయి. ఆ రాళ్లను నేల మీద నిలబడే, మడుగులో వాటి నీడ పడిన వేళ తీయండి.

చేలల్లో, గుట్టల మీద జీవాలు కాసేవారు ఎదురవుతారు. దూరం నుంచి దొంగచాటుగా తీయవద్దు. దగ్గరకు వెళ్లి "అన్నా, ఒక ఫోటో తీసుకుందునా?" అనో, పెద్దవారైతే "పెద్దాయనా", "అవ్వా" అనో అడిగితే కాదనేవారు తక్కువ, కాదంటే అక్కడితో ఆగిపోవాలి. తీసింది తెర మీద చూపించండి. ఏ వంకలో నీళ్లు ఉన్నాయో, ఏ బండ మీది నుంచి నది రెండు వైపులా కనిపిస్తుందో వారికి తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు. పచ్చగా ఉన్న చేనులోకి దిగేముందు గట్టు మీద ఉన్నవారిని అడగడం మర్యాద మాత్రమే కాదు, ఆ రైతు పెట్టుబడి మీద మీ కాలు పడకుండా చూసుకోవడం.

10. ఇంటికి వచ్చాక

కార్డులోని ఫైళ్లను రెండు చోట్ల దాచేదాకా కార్డును ఖాళీ చేయకండి. రా ఫైలులో ముందు వెలుగులను తగ్గించి, నీడలను కొంచెం లేపండి. పూర్తిగా లేపితే లోయ లోతు పోతుంది. ఎరుపు రంగును పెంచే మీట దగ్గర చేయి బిగపట్టుకోవాలి. అనంతపురం నేల ఇప్పటికే ఎర్రగా ఉంటుంది, ఇంకా పెంచితే చూసేవారు నమ్మరు. వాలిన క్షితిజరేఖను మాత్రం తప్పక సరిచేయండి.

ప్రతి మంచి ఫోటోకూ పక్కన తేదీ, తిథి, గంట, నిలబడిన చోటు, కెమెరా చూసిన దిక్కు రాసి పెట్టుకోండి. సూర్యుడు మళ్లీ అదే చోటికి రావడానికి ఏడాది పడుతుంది, కాని డిసెంబరు 21కి ఎన్ని రోజులు ముందు తీశారో అన్ని రోజుల తర్వాత కూడా దాదాపు అదే కోణంలో వెలుతురు పడుతుంది. నవంబరు 21న మబ్బు పట్టి చెడిపోయిన దృశ్యానికి జనవరి 20 ప్రాంతంలో రెండో అవకాశం ఉన్నట్టే; ఆ రోజును ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.